అడిగి తాకే చెయ్యి

రెండువేల ముప్పై ఒకటి, ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను చింతచిగురు రొయ్యల కూరతో అన్నం తిన్నాను. నా వంతు తిని, వాగ్దేవి వంతు కూడా తిన్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఆ కూర వండింది ఎస్తేరు. అప్పటికి నేనామెను చూడలేదు. ఊళ్ళో ఏదో ఆసుపత్రిలో నర్సనీ, వాగ్దేవీ ఆమే కలిసి పేరాలలో ఒక మేడమీద వాటాలో ఉంటారనీ మాత్రం తెలుసు. నా భార్య పోయినప్పటినుంచీ వారానికి రెండుసార్లు వాగ్దేవి క్యారేజీతోపాటు ఒక స్టీలు గిన్నె అదనంగా వచ్చేది. "మీరొక్కరే వండుకుంటారని ఎస్తేరు పంపింది మాస్టారూ" అనేది. వాగ్దేవి డిగ్రీలో నా దగ్గర ఫిజిక్సు చదువుకున్న పిల్ల. నేను కాలేజీ నుంచి రిటైరయ్యాక చీరాలలో ఈ నేత పరిశోధన సంస్థలో చేరితే, రెండేళ్ళకు ఆమే డాక్టరేటు పట్టుకుని వచ్చి నా పక్క బల్ల దగ్గర కూర్చుంది.

ఆ రోజు ఒంటిగంటకు మగ్గం గదిలో క్యారేజీ విప్పుతుంటే ఫోను వచ్చింది. డైరెక్టరు మనోహర్‌గారు. "ఆ రిపోర్టు పట్టుకుని ఒక్కసారి రా తల్లీ" అన్న మాట నాకూ వినిపించింది. ఆయన సంస్థలో ఆడవాళ్ళందరినీ తల్లీ అనే పిలుస్తారు. నాకది ముచ్చటగా ఉండేది.

ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చింది. కుళాయి దగ్గర నిలబడి మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. కూర్చున్నాక గిన్నె నావైపు జరిపింది.

"నాకాకలిగా లేదు మాస్టారూ. మీరు తినేయండి."

"పారేయడం దేనికిలే" అని తినేశాను. సన్నని తీగలో వెంట్రుకవాసి తేడాను వేలితో పట్టేవాణ్ణి. అన్నం తిననన్న మనిషి చేతులెందుకు అంతసేపు కడుక్కుందో ఆలోచించలేదు.

ఆ సమయంలో ఆమె జాకెట్టు కింద గుర్తుబట్ట ఉంది.

*

గుర్తుబట్ట నా భార్య రాజ్యం మంచంలో పుట్టింది.

వెన్నుపూస జబ్బుతో రాజ్యం రెండేళ్ళు మంచం మీదే ఉంది. పుళ్ళు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మొదట్లో మాట ఉండేది. "కాస్త ముందు చెప్పి తిప్పండి" అనేది. "తిప్పేవాణ్ణి నేనేగా, చెప్పేదేముంది" అని నవ్వేవాణ్ణి. చివరి మూడు నెలలూ ఆ మాట కూడా పోయింది. తిప్పినప్పుడు కళ్ళనుంచి నీళ్ళు కారేవి. నొప్పి ఎక్కడో, ఏ చెయ్యి వేస్తే నొప్పి తగ్గుతుందో ఎవరికి తెలుస్తుంది?

అందుకని నేశాను. పడుగులో ఒక రకం తీగ, అది తాకిన చేతిని గుర్తుపెట్టుకుంటుంది. పేకలో ఇంకో రకం తీగ, అది తాకించుకున్న ఒంటిని గుర్తుపెట్టుకుంటుంది. ఏ కండరం బిగిసింది, ఊపిరి ఎక్కడ ఆగింది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది అన్నీ. ఆ రెండూ చేరి అంచులో ఉన్న చిన్న కండెలోకి చుట్టుకుంటాయి. ఆ కండెను మరో చొక్కాకు తగిలించి ఎవరైనా తొడుక్కుంటే, రోగి ఒంటి మీద జరిగింది వాళ్ళ ఒంటి మీద జరుగుతుంది. రోగి బిగుసుకున్న చోట వాళ్ళూ బిగుసుకుంటారు.

ఒకసారి ఫిజియోథెరపిస్టు ఒకాయన, ఆరడుగుల మనిషి, ఆ చదివే చొక్కా తొడుక్కున్నాడు. పొద్దున తను లేపి కూర్చోబెట్టిన ముసలాయన భుజం తన భుజంలోకి వచ్చింది. కుర్చీలోంచి చివుక్కున లేచి నిలబడ్డాడు. "నేనిలా లాగుతున్నానా?" అన్నాడు. కాసేపటికి మెల్లగా, "నాలుగేళ్ళుగా ఇలాగే లాగుతున్నానా?" అన్నాడు. ఆ రోజు నేనూ వాగ్దేవీ మిఠాయి తెప్పించుకుని తిన్నాం.

దానికి మూడు చిక్కులుండేవి, మేం ఎంత ప్రయత్నించినా పోలేదు. ఒకటి, చదివితే చెరిగిపోతుంది. ఒక్కసారే. రెండు, పైపొర మొదట ఊడుతుంది. నిన్నటిది ఊడితేగాని మొన్నటిది రాదు. మూడోది, కొత్త బట్ట మనిషి ఒంటికి అలవాటు పడటానికి ఏడు రోజులు పడుతుంది. స్నానానికి తప్ప విప్పకూడదు. విప్పితే ఆ బట్ట, దానికోసం నెలల తరబడి పడ్డ శ్రమ వృథా. ఆ నియమం పెట్టింది నేను. గోడ మీద నా అక్షరాలతోనే రాసి ఉంటుంది.

ఆడవాళ్ళ కొలత బట్టను పరీక్షించడానికి వాగ్దేవి తనే వేసుకుంది. ఏప్రిల్ ఏడు సోమవారం పొద్దున వేసుకుని, మరుసటి సోమవారం విప్పింది. ఆ రోజు సెలవు. మంగళవారం కండె తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, ఇందులో డైరెక్టరుగారి చెయ్యి ఉంది" అంది.

నాకర్థం కాలేదు. వేలిముద్రల సంగతనుకున్నాను.

"పోయిన మంగళవారం. రిపోర్టు చూస్తూ భుజం మీద చెయ్యి వేశారు. తీయమన్నాను. నవ్వారు. లేవబోతే నొక్కి కూర్చోబెట్టారు. తలుపుకు గడియ పెట్టి ఉంది. చెయ్యి వీపు మీదికీ నడుం మీదికీ వచ్చింది. నాలుగు నిమిషాలు. తరవాత ఫోను మోగింది, వదిలేశారు."

ఆమె ఇదంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఎన్నిసార్లు లోలోపల చెప్పుకుందో.

"అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"మీరు అన్నం తింటున్నారు."

ఎత్తిపొడుపు కాదు. జరిగినది చెప్పింది, అంతే.

"పోనీ అప్పుడే విప్పేసి ఉంటే అదే పైపొరగా ఉండేది కదా."

ఆమె గోడవైపు చూసింది. "ఏడు రోజులు విప్పకూడదన్నారుగా మాస్టారూ" అంది.

*

వాగ్దేవి ఫిర్యాదు రాసిచ్చింది. పరిపాలనాధికారి హైమావతిగారు అధ్యక్షురాలిగా కమిటీ కూర్చుంటుందన్నారు. బయటినుంచి ఉమాపతి అనే లాయరు, గ్రంథాలయం చూసే ఆమె మిగతా ఇద్దరు సభ్యులు. కండెను మైనపుగుడ్డ సంచిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి నాకే ఇచ్చారు. "దామోదరంగారి దగ్గరుంటే దిగులు లేదు" అన్నారు అందరూ.

ఆ గురువారం మనోహర్‌గారు తనే మగ్గం గదికి వచ్చారు. వెంట టీ ఫ్లాస్కు.

"ఏమయ్యా దామోదరం, రవికలు కూడా సాక్ష్యం చెబుతున్నాయట మన సంస్థలో! రేపు పంచెలు కూడా చెబుతాయేమో, కాస్త జాగ్రత్తగా ఉతికించుకో" అని నవ్వుతూ నా గ్లాసులో టీ పోశారు. "చదవమను. నాకేం అభ్యంతరం లేదు. ఒకటే మాట. చదివితే మొత్తం చదవాలి. పైనుంచి కిందిదాకా, కమిటీ ఎదుట. మధ్యలో ముక్క కోసుకొచ్చి చూపిస్తే ఊరుకోను."

నేను గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"నీకు తెలియదు, అమాయకుడివి. ఆ అమ్మాయి ఆ నర్సుతో కాపరం చేస్తోందయ్యా. వాడరేవులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తుంటే మన గుమాస్తా చూశాడు. అలాంటిదాని మీద మగాడి చెయ్యి పడితే కరెంటు కొట్టినట్టు ఉంటుంది మరి. సవ్యమైన ఆడదైతే పెద్దాయన ఆశీర్వదించాడనుకునేది. దాని ఒళ్ళు ముడుచుకుపోతే ఆ తప్పు నాదా?"

టీ గ్లాసు చేతిలో వేడిగా ఉంది. "అది అలా కాదండీ" అని ఒక్క మాట అని ఉండవచ్చు. అనలేదు. ఆయన పోసిన టీ తాగాను.

*

కమిటీ సోమవారం. అంతకుముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, నేను సంస్థకు వెళ్ళాను. వాచ్‌మన్ నమస్కారం పెట్టి గేటు తీశాడు. నన్నెవరు ఆపుతారు?

నాలుగు రోజులు నిద్రపోలేదు. నా లెక్క ఇది. పైన ఆరు రాత్రులున్నాయి. కింద ఆ మంగళవారం మధ్యాహ్నం. దానికి ముందరి సోమవారం రాత్రి ఎస్తేరుకు ఆసుపత్రిలో డ్యూటీ. ఆ నాలుగు నిమిషాలు చేరాలంటే ఆరు రాత్రులూ కమిటీలో ఎవరో ఒకరి ఒంటి మీదుగా పోవాలి. పోతే ఆ పిల్ల వీధిన పడుతుంది. ఇల్లుగలవాళ్ళు ఖాళీ చేయమంటారు. ఎస్తేరు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అదే నేను ముందుగా ఆ ఆరు రాత్రులనూ ఊడదీసేస్తే కింద మంగళవారం శుభ్రంగా మిగులుతుంది. రేపు కమిటీతో, వ్యక్తిగతమైనది తీసేశానండీ అని ఒక మాట చెబితే సరిపోతుంది. నా మాట ఎవరు కాదన్నారు ఇన్నేళ్ళలో?

ఆమెను అడగాలని తోచలేదా అంటే, తోచింది. అడిగితే సిగ్గుపడుతుందని అడగలేదు. ఆ సిగ్గు ఆమెది కాదని, నాదని, అప్పుడు తెలియలేదు.

చదివే చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాను. కండె తగిలించి, దాన్ని తిప్పే యంత్రం నడిపాను. ఏ తాకిడీ లేని గంటలూ, కదలిక లేని నిద్ర గంటలూ వాటంతటవే జారిపోతాయి. తాకిడి ఉన్నవే వస్తాయి.

ఆదివారం రాత్రి వచ్చింది. ఒక అరచెయ్యి మెడ వెనకనుంచి వీపు మీదికి దిగింది. మెడకింద బట్ట ఉన్న మేరకే తెలుస్తోంది, కానీ నూనె రాసి జడ వేస్తున్నారని అర్థమైంది. తరవాత వీపుకు వీపు ఆని నిద్ర. శనివారం ఎవరో నవ్వుతూ భుజానికి భుజం కొట్టారు. శుక్రవారం నడుం నొప్పికి వేడినీళ్ళ సంచి, దాన్ని పట్టుకున్న చెయ్యి. నేను ఏవేవో ఊహించుకుని పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. వచ్చినవి చాలావరకు ఇల్లాంటివే. కొన్ని క్షణాలు ఇల్లాంటివి కావు. మొహం పక్కకు తిప్పుకున్నాను. నా ఒంటి మీద జరుగుతున్నదాన్నుంచి మొహం ఎటు తిప్పుకోను?

ఆ చేతిలో ఒక విశేషం ఉంది. మొదటి గంటలో పట్టుకోలేకపోయాను, బుధవారానికి వచ్చేసరికి తెలిసింది. తాకబోయే ముందు ఆగుతుంది. బట్టను అంటీ అంటనట్టు ఒక్క లిప్త. ఆ లిప్తలో పేక వదులవుతుంది, అంటే ఒళ్ళు సరే అంటుంది. అప్పుడు ఆనుతుంది. ప్రతిసారీ. జడ వేసేముందు కూడా. బట్టకు మాటలు వినపడవు. అయినా ఆ చెయ్యి అడుగుతోందని నా ఒంటికి తెలిసింది.

అన్నిటికన్నా చివర, ఆ మంగళవారం రాత్రి. చెయ్యి వచ్చింది. ఒళ్ళంతా తుళ్ళిపడి బిగుసుకుంది. నా ఊపిరి కూడా ఆగింది. చెయ్యి వెంటనే వెనక్కు పోయింది. మళ్ళీ రాలేదు. చాలాసేపు ఏమీ లేదు, యంత్రం ఆగిందేమోనని చూశాను. ఆగలేదు. జానెడు దూరంలో ఒక వెచ్చదనం ఉంది. పక్కనే కూర్చుని ఉంది ఆమె, తాకకుండా. ఎంతో సేపటికి ఈ ఒళ్ళే ఒరిగి, ఆ చేతికి భుజం ఆనించింది.

యంత్రం ఆపేశాను. చొక్కా విప్పాను. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి. నలభై ఏళ్ళు ఒకామెతో కాపరం చేశాను. ఆ లిప్త ఏమిటో నాకు తెలియదు.

కండెను సంచిలో పెట్టి తాళం వేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఇంటికెళ్ళి చాన్నాళ్ళ తరవాత నిద్రపోయాను.

*

కమిటీ గదిలో హైమావతిగారు మధ్యలో కూర్చున్నారు. రిటైరవడానికి ఏడు నెలలుంది ఆమెకు. ఎప్పుడూ స్వెట్టరు వేసుకుని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి. మనోహర్‌గారు ఎదురుగా కాలు మీద కాలు వేసుకున్నారు. వాగ్దేవి ఒక కవరు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

ఉమాపతి సంచి విప్పి కండెను చేతిలో తిప్పి చూశాడు. అంచున ఉన్న చిన్న అంకెలు చూపించాడు. ఎవరూ దొంగచాటుగా చదవకుండా వాటిని పెట్టింది కూడా నేనే.

"దామోదరంగారూ, ఇది ఏడు రోజులుండాలి. ఒకటిన్నర రోజే ఉందేమిటి?"

"పై భాగం నేను చదివి తీసేశానండీ. వ్యక్తిగతమైనది. ఈ కేసుకు సంబంధం లేనిది. మంగళవారానిది ముట్టుకోలేదు."

ఉమాపతి కండెను బల్ల మీద పెట్టాడు.

"ఎవరి అనుమతితో?"

"నా బాధ్యత మీద."

"మీరు పెద్దలు. కానీ ఏం తీశారో మాకెలా తెలుస్తుంది? మంగళవారంలో కూడా మీరేదో కలపలేదని ఎలా నమ్మాలి? పోనీ, తీసిందేమిటో చెప్పండి."

చెబితే ఏది దాచబోయానో అదే చెప్పాలి.

"చెప్పవయ్యా దామోదరం" అన్నారు మనోహర్‌గారు, నవ్వుతూనే. "సిగ్గుపడకు. ఏం చూశావో ఏమో పాపం, మొహం ఎలా అయిపోయిందో చూడండి. చెప్పుకోలేని పనులేవో ఉండబట్టే కదా చెరిపేశావు? అంత అసహ్యంగా ఉందా?"

"అసహ్యం కాదు" అన్నాను.

వాగ్దేవి లేచి నిలబడింది. నావైపు చూడటం లేదు.

"నేను చెప్తాను మేడమ్. నేనూ ఎస్తేరూ ఐదేళ్ళుగా కలిసి ఉంటున్నాం. ఆ ఆరు రాత్రుల్లో ఉంది అదే. కమిటీవాళ్ళు అదంతా చదవచ్చని ఎస్తేరు రాసి సంతకం పెట్టింది. నేనూ పెట్టాను." కవరులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "నిన్నంతా కూర్చుని మాట్లాడుకుని రాశాం. ఆయన చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే ఆ చెయ్యి పక్కన ఈ చెయ్యి కూడా తెలియాలి అనుకున్నాం. డైరెక్టరుగారు అందరితో అంటున్నట్టు నా ఒళ్ళు మనిషి ముట్టుకుంటేనే ముడుచుకుపోయే రకం కాదని అందులో ఉంది. అదే మా సాక్ష్యం."

అప్పుడు నావైపు తిరిగింది.

"నన్ను అడగలేదు మాస్టారూ మీరు."

కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే బాగుండేది.

"మేం ఇద్దరం భయపడకుండా చేసిన మొదటి పని అది" అంది. కూర్చుంది.

ఉమాపతి కాగితాలు సర్దుకున్నాడు. "మేడమ్, ముద్ర పోయిన సాక్ష్యం ఇది. కోర్టు మెట్లు కూడా ఎక్కదు. చదివినా చదవకపోయినా ఒకటే."

హైమావతిగారు స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించారు. "రికార్డులోకి వద్దు. నాకు తెలియాలి" అన్నారు. మగవాళ్ళను బయట ఉండమన్నారు. వాగ్దేవి వైపు తిరిగి, "వేసుకోనా అమ్మా?" అని అడిగారు. వాగ్దేవి తల ఊపింది.

నేను వసారాలో నిలబడ్డాను. గచ్చు ఊడుస్తున్న పిచ్చమ్మ చీపురు ఆపి నా దగ్గరకొచ్చింది.

"పాపకి నేను ముందే చెప్పినా సారూ, ఆయన గదిలోకి ఒంటిగా బోమాక అని. నేను ఆ గది ఊడ్చేటప్పుడు తలుపు బార్లా తెరిచిపెట్టుకొని, ముక్కాలిపీట అడ్డం బెట్టి ఊడుస్తా. పదేళ్ళనించి అంతే."

"నాకెప్పుడూ చెప్పలేదే పిచ్చమ్మా."

"మీరు దినామూ చూస్తానే ఉండారు గదా సారూ, ఆ పీట."

చూశాను. గాలికోసం అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. హైమావతిగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ తన భుజాల మీద అడ్డంగా వేసుకున్నారు. గ్రంథాలయం ఆమె మంచినీళ్ళు పట్టుకుని నిలబడింది.

"ఇరవై రెండేళ్ళ వయసులో నాకు బస్సులో తెలుసు ఇది" అన్నారు హైమావతిగారు మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు. "తరవాత మొదటి ఆఫీసులో తెలుసు. మర్చిపోయాననుకున్నాను. ఒళ్ళు మర్చిపోలేదు."

కండె అంచున అంకెలు సున్నా చూపిస్తున్నాయి. అప్పటికి ఆ నాలుగు నిమిషాలు కూడా చెరిగిపోయాయి.

*

ఫిర్యాదు నిజమని కమిటీ రాసింది. సాక్ష్యం చెడిందన్న కారణంతో పాలకమండలి దాన్ని కొట్టేసింది. ఉమాపతి విడిగా రాసిన కాగితంలో నా పేరు తొమ్మిదిసార్లు ఉంది. మనోహర్‌గారు ఇప్పటికీ అందరినీ తల్లీ అనే పిలుస్తున్నారు.

అయితే ఒక పొద్దున వడ్రంగి వచ్చి డైరెక్టరు గది తలుపు గడియ ఊడదీసి పట్టుకుపోయాడు. అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం ఆఫీసు గదులకు లోపలి గడియలు ఉండరాదని ఉత్తర్వు. కింద హైమావతిగారి సంతకం. రిటైరయ్యే లోపల ఆమె చేయగలిగిందది. ఆ తలుపు ఇప్పుడు గాలికి దానంతటదే తెరుచుకుంటుంది.

వాగ్దేవి రాజీనామా ఇచ్చింది. కాకినాడలో ఏదో కాలేజీలో ఉద్యోగం దొరికిందని పిచ్చమ్మ చెప్పింది. పేరాల ఇల్లుగలవాళ్ళు నెలాఖరుకు ఖాళీ చేయమన్నారని కూడా ఆమే చెప్పింది. అంతా నేను భయపడినట్టే జరిగింది. ఒక్కటే తేడా. నేను కాపాడబోయిన రాత్రులు మాత్రం లోకంలో ఇంకెక్కడా లేవు, ఏ అర్హతా లేని నా ఒంట్లో తప్ప.

ఎస్తేరు స్టీలు గిన్నె నా దగ్గర ఉండిపోయింది. చింతచిగురు కూర గిన్నె. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని రాజ్యం ఏదో ఒకటి, కనీసం గుప్పెడు పంచదారైనా వేసి పంపేది. ఈ ఏడాదంతా నేను కడిగి ఖాళీవే పంపానని అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె నిండా పంచదార పోసి పేరాలకు వెళ్ళాను. సాయంత్రం, ఇంకా వెలుతురుంది.

తలుపు తీసింది ఎస్తేరు. పొట్టిగా, చామనఛాయగా, ముంజేతి మీద నూనె చిటపటలాడి కాలిన మచ్చతో. వెనక అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆమె మొహం మొదటిసారి చూస్తున్నాను.

"నేను దామోదరాన్నమ్మా. లోపలికి రావచ్చా?"

ఆమె వెనక్కు తిరిగి అట్టపెట్టెల వైపు చూసింది.

"ఇవాళొద్దు సార్."

"సరేనమ్మా" అన్నాను. గుమ్మం బయటే నిలబడ్డాను.

లోపలినుంచి వాగ్దేవి గొంతు. "ఎవరూ?"

"మాస్టారు."

లోపల పెట్టెలకు అంటిస్తున్న టేపు చప్పుడు ఆగింది. కొంతసేపటికి మళ్ళీ మొదలైంది.

"నా చెయ్యి ముందు తెలుసుకుని, నా మొహం ఇప్పుడు చూస్తున్నారు" అంది ఎస్తేరు. "వరస తప్పింది సార్."

"తప్పిందమ్మా."

ఇంకేమైనా చెప్పాలని వచ్చాను. ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పాలని. అది కూడా నేను చెప్పదగ్గ మాట కాదని ఆ గుమ్మంలో తెలిసింది. గిన్నె ముందుకు పట్టాను. మూత తీసి చూసింది.

"ఇంత పంచదారా! మా ఇద్దరికీ షుగరొస్తుంది" అంది. నవ్వబోయి ఆపుకుంది. గిన్నె తీసుకుంది. నేను మెట్ల దాకా వెళ్ళాక వెనకనుంచి అడిగింది. "అన్నం వండుకుంటున్నారా సార్?"

"వండుకుంటున్నానమ్మా."

అంత చేసినవాణ్ణి ఆ మాట అడిగింది. నాకు అదే ఎక్కువ.

*

ఇల్లు చేరి దీపం వేశాను. రాజ్యం గదిలో మంచం అలాగే ఉంది. బీరువాలో పై అరలో ఒక శాలువా ఉంది. నేను మొట్టమొదట నేసిన గుర్తుబట్ట అదే. రాజ్యానికి మాట పోయాక, చివరి వారం కప్పాను. చలిగా ఉందేమోనని కప్పినట్టు కప్పాను. అదేమిటో చెప్పలేదు. చెబితే తల ఊపగలిగేది, కళ్ళతో అవుననో కాదనో చెప్పగలిగేది. ఏడు రోజులూ నా చేతులు ఆమెను తిప్పడం, తుడవడం, నిమరడం అందులో ఉన్నాయి. ఆమె ఒంటి జవాబు కూడా ఉంది. ఒక్కసారే చదవగలం కాబట్టి దాచుకున్నాను. ఎప్పుడో ఒకనాడు, ఒంటరితనం భరించలేని రోజున, ఆమె నన్నెంత నమ్మకంగా ఆనుకుందో తెలుసుకుందామని.

ఆ రాత్రి దాన్ని తీసి మంచం మీద పరిచాను. పక్కన చదివే చొక్కా పెట్టాను. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ముందు చెప్పి తిప్పండి, అనేది.

అందులో ఏముందో నాకు తెలియదు. నేను తాకగానే పేక వదులైందో, బిగిసిందో. శాలువాను మడిచి తిరిగి పై అరలో పెట్టేశాను. అది ఆమె మీద గౌరవమో, నా భయమో, నిజంగా చెప్పలేను. రెండూ అయి ఉంటాయి. కానీ అది నాది కాదు. అడగకుండా తీసుకున్నది. అడగడానికి ఇక ఆమె లేదు.

దీపం ఆర్పి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"తలుపు వేస్తున్నాను రాజ్యం" అన్నాను.

ఒక్క లిప్త ఆగాను. తరవాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాను.